పచ్చ బటన్

పెళ్లయిన ఇరవై మూడో రోజున మా అత్తమ్మ సిమ్ కార్డు కోయించాను.

లెక్క బాగా గుర్తుంది. అప్పట్లో ప్రతి రోజునూ వేళ్ల మీద పెట్టుకొని తిరిగేదాన్ని. సంజీవ్ సిరొంచ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ కొనిపెట్టి, తన వాటాలో సగం కూడా నాకే ఇచ్చిన రోజు. ప్రాణహిత ఒడ్డున చెప్పులు చేతబట్టుకొని ఇసుకలో నడిచిన రోజు. ఇక్కడి మహారాష్ట్ర రేషన్ కార్డులో నా పేరు మొదటిసారి మరాఠీలో రాసి వచ్చిన రోజు. నాకన్నీ పండుగలే. ఇంత సంతోషం ఒక్కదాన్నే అనుభవించడం తప్పనిపించింది. కొంచెం అత్తమ్మకు కూడా ఇవ్వాలనుకున్నాను.

మా అత్తమ్మ ఆగమ్మ దగ్గర ఒక పాత బటన్ల ఫోన్ ఉండేది. మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి, రొండిన చెక్కుకొని తిరిగేది. కొడుకు రేగుంట బడిలో మాస్టరయినా ఆమె మిర్చి ఏరడానికి పోవడం మానలేదు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఫోన్ మోగితే మూడో రింగు లోపల ఎత్తేది. ఎత్తి అందరిలా "ఎవరు?" అనేది కాదు. "కొడుకా" అనేది. అవతల చాలాసార్లు రీచార్జి చేసుకోమనే కంపెనీ గొంతు ఉండేది.

ఆ కొడుకు సంజీవ్ కాదు, సంజీవ్ అన్న సమ్మన్న. మూడేళ్ల కింద మామయ్య పోయిన పదో రోజున, కర్మ నాడు, ఆయన తాగి వచ్చాడట. చుట్టాలందరి ముందు అత్తమ్మ ఆయన విస్తరి లాగి వాకిట్లో పారేసి, "నా కండ్లకు కనవడకు" అన్నదట. ఆయన ఆ మాట పట్టుకొని వెళ్లిపోయాడు. బోరు బండి మీద పనికి కుదిరాడని ఎవరో చెప్పారు. బోరు బండి ఒక ఊళ్లో నిలవదు కదా, ఎక్కడని వెతుకుతారు? ఆయనకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, అమ్మది. అందుకే ఆ నంబరు మారకూడదు, ఆ ఫోన్ ఆరిపోకూడదు. ఇదంతా పెళ్లయిన వారానికే సంజీవ్ నాకు చెప్పాడు. అన్నీ తెలిసే చేశాను.

సంజీవ్ నాకు కొత్త ఫోన్ కొన్నాడు. మంచిర్యాలలో డిగ్రీ చదివినప్పటి నా టచ్ ఫోన్ ఊరికే పడి ఉంది. అత్తమ్మ సిమ్ అందులో వేస్తే, బావగారు చేసిననాడు గొంతు వినడమే కాదు, ముఖం కూడా చూడొచ్చు. ఆ ఆలోచన వచ్చాక నాకు కాలు నిలవలేదు.

"నంబరు గదే ఉంటదా?" అత్తమ్మ అప్పటికి మూడోసారి అడిగింది.

"గదే ఉంటది అత్తమ్మా. ఈ ఫోన్ల సిమ్ జాగ చిన్నగున్నది. గందుకని జర చుట్టు కోస్తరు, గంతే."

"కోస్తె సావదా?"

"సావది. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది బిడ్డా. కత్తెర మీద లేదు."

సదాశివ సేటు మొబైల్ దుకాణానికి నేనూ సంజీవ్ వెళ్లాం. సంజీవ్ దోస్తు కాబట్టి ఆయన నన్ను మరాఠీలో 'వహిని' అని, అంటే వదినా అని పిలుస్తాడు. సిమ్‌ను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇది తాతల నాటిది వహినీ. చిప్పే గింత వెద్దగున్నది. గీత తప్పితె పాయె. పైంగ చచ్చిపోయిన బాపు పేరు మీదున్నది, మళ్ల కొత్తది తీసుడు మస్తు పరేషాన్."

"మీరు కోస్తె తప్పది అన్నా," అన్నాను.

"గిట్ల పొగిడే నా చేతులు వణికిస్తరు," అంటూ కాగితాలు కుట్టే పిన్నుల మిషన్ లాంటిదాంట్లో కార్డు పెట్టి నొక్కాడు. టక్. గోరంత ముక్క కింద పడింది. అది మందంగా ఉందని అంచులు గరుకు కాగితం మీద రుద్దాడు. నా పాత ఫోన్‌లో వేసి తెరిస్తే, కాసేపటికి సిగ్నల్ గీతలు ఒకటి, రెండు, నాలుగు. నేను దుకాణంలోనే చప్పట్లు కొట్టాను.

మిగిలిన ప్లాస్టిక్ చట్రం నేనే అడిగి తీసుకున్నాను. మధ్యలో చిన్న కిటికీ. దాన్ని కంటికి పెట్టుకొని సంజీవ్‌ను చూశాను.

"ఏం గనవడుతున్నది?"

"మా ఆయన ముక్కు. మిగిలింది వడుతలేదు."

ఇంటికొచ్చి దాన్ని నా గాజుల పెట్టెలో దాచుకున్నాను.

అదే రోజు అత్తమ్మ నంబరుతో వాట్సాప్ పెట్టి, అందులో ఆమె పేరు పక్కన కనపడేట్టు మా పెళ్లి ఫోటో ఒకటి పెట్టాను. మా ఇద్దరి మధ్య ఆకుపచ్చ చీర కట్టుకొని అత్తమ్మ నవ్వుతున్న ఫోటో. తర్వాత రెండు రోజులు వంటింట్లో నుంచి ఆమెకు ఫోన్ చేసి నేర్పించాను.

"ఒత్తుడు గాదు అత్తమ్మా. పచ్చదాన్ని మీదికి గుంజాలె. కిందికి గుంజితె కట్ అయితది."

"గిదేం ఫోనే తల్లీ, రోట్లె మిరపకాయ నూరినట్టు," అని గొణుక్కుంటూనే ఆమె నేర్చుకుంది. పదికి పదిసార్లు ఎత్తింది. నేను గెలిచినట్టు ఎగిరాను.

ఐదో రోజు పన్నెండు దాటిన వేళ అత్తమ్మ చేను నుంచి ఒంటరిగా, దాదాపు పరుగెత్తుతూ వచ్చింది. కొంగు నేల మీద జీరాడుతోంది. మిర్చి ఏరేటప్పుడు మంట తగలకుండా కట్టుకునే బట్ట పేలికలు పది వేళ్లకూ ఇంకా అట్లాగే ఉన్నాయి. ఫోన్‌ను రెండు అరచేతుల్లో పట్టుకొని నా ముందు పెట్టింది.

"మోగింది బిడ్డా. రెండుసార్లు మోగింది. నువ్వు జెప్పినట్టె గుంజిన. అసలు వడితేనా! ఎంత గీకినా ఊకున్నది. బట్ట ఇప్పుదామంటె ముడి రాలె. పండ్లతోని లాగితె బొటనేలి కొస జర బయటవడ్డది, ఇట్ల అది వెట్టి మీదికి కిందికి రాస్తె, ఆగిపోయింది. మళ్ల మోగింది, మళ్ల గట్లనే ఆగిపోయింది."

బట్ట చుట్టిన వేలికి ఆ తెర పలకదు. అది నాకు తెలుసు. డిగ్రీ చదివిన నాకు తెలుసు. ఆమె మిర్చి ఏరే వేళ్లకు బట్ట కడుతుందనీ తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించడం మాత్రం నాకు రాలేదు.

ఆ నంబరుకు చేసి, అత్తమ్మకు కూడా వినపడేట్టు పెట్టాను. ఎవరో పిల్లగాడు ఎత్తాడు.

"ఎవరు?"

"సిరొంచకెల్లి మాట్లాడుతున్న. ఇందాక ఈ నంబర్‌కు ఎవరు చేసిండ్రు?"

"సమ్మన్న ఇంటోళ్లా? అక్కా, నా పేరు పంకజ్. మాది ముల్చేర. బోరు బండి మీద ఇద్దరం ఒక్కకాడనే చేస్తం. మేమిప్పుడు రాయచూర్ దిక్కు ఉన్నం."

"ఆయనకు ఇయ్యి తమ్మీ, జల్ది."

అవతల ఇంజిన్ చప్పుడు. పంకజ్ గొంతు తగ్గింది.

"లేడక్కా. ఆయనకు ఫోన్ లేదు. ఏడాది కింద నా ఫోన్ల 'అమ్మ' అని నంబర్ ఏసుకున్నడు గని, ఒక్కనాడు చెయ్యలె. పొద్దుగాల దాని మీద మీ పెండ్లి ఫోటో కనవడ్డది. గంట సేపు జూసిండు. 'అమ్మ నవ్వుతున్నదిరా, ఇప్పుడు జేస్తె మాట్లాడుతది' అన్నడు. చేసిండు. కట్ అయింది. మళ్ల చేసిండు. మళ్ల కట్ అయింది. 'అమ్మ గా దినం ఇంకా మర్వలేదు' అని ఫోన్ నా చేతుల వెట్టిండు. బువ్వ సుత తినలె. సంచి ఏసుకొని రోడ్డు మీదికి పోయిండు. ఏదో లారీ ఆపి ఎక్కిండట."

"ఎటు పోయిండు?"

"చెప్పలేదక్కా. మేస్త్రికి సుత చెప్పలె."

మళ్లీ వస్తే విషయం చెప్పమని పంకజ్‌ను ఎన్ని రకాలుగా బతిమాలానో నాకే తెలియదు. ఫోన్ పెట్టేసి తల తిప్పితే అత్తమ్మ గడప మీద కూర్చుని వేళ్లకున్న పేలికలు ఒక్కొక్కటే విప్పుతోంది. ఇప్పుడు ముడులు తేలిగ్గా వస్తున్నాయి. పదీ విప్పి, ఒకదాని మీద ఒకటి మడిచి పక్కన పెట్టింది.

"నాకు పాతదే గావాలె బిడ్డా," అంది. "దాని పచ్చ బటన్ బట్ట మీదికెల్లి ఒత్తినా ఎత్తుతది."

నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి అంతా విన్న సంజీవ్ కూడా అనలేదు. కాళ్లు కడుక్కొని, చాలాసేపు తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

గాజుల పెట్టెలోంచి చట్రం తీశాను. గోరంత సిమ్‌ను మళ్లీ దాని కిటికీలో కూర్చోబెట్టి వెనక సెల్లో టేపు అంటించాను. అంచులు రుద్దిన కార్డు కాబట్టి చుట్టూ వెంట్రుకంత సందు మిగిలింది. పాత ఫోన్‌లో వేస్తే గీతలు వచ్చాయి. అత్తమ్మ దాన్ని తీసుకొని రొండిన చెక్కుకుంది. నాలుగు అడుగులు వేసేసరికి గీతలు పోయి, తెర మీద సిమ్ లేదని వచ్చింది.

మర్నాడు సదాశివ సేటు ఇచ్చిన వేరే చట్రంలోనూ అది కదులుతూనే ఉంది.

"పండవెట్టి ఉంచితె నడుస్తది వహినీ," అన్నాడు నా వైపు చూడకుండా. "కదిలియ్యొద్దు."

అప్పటి నుంచి ఆ ఫోన్ ముందు గది గూట్లో, మడత పెట్టిన దస్తీ మీద పడుకొని ఉంటుంది. ఛార్జింగ్ వైరు కూడా అత్తమ్మే, పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు, మెల్లగా పెడుతుంది. గూటి కింద చాప వేసుకొని కూర్చుంటుంది. చేలల్లో మిర్చి పండి ఎర్రగా ఉంది. పొద్దున్నే కూలీల బండి ఇంటి ముందు ఆగుతుంది.

"ఆగమ్మక్కా, ఇయ్యాల సుత రావా? ఏం జేస్తున్నవే ఇంట్ల? కోడలు నీకు వండి వెడుతున్నదా?"

"నాకు పనున్నది. మీరు పోండ్రి."

బండి కొంచెంసేపు ఆగి పోతుంది. పెళ్లయి నలభై రోజులు దాటిందనుకుంటాను. లెక్కపెట్టడం మానేశాను. పంకజ్‌కు రెండు రోజులకోసారి చేస్తున్నాను. సమ్మన్న బావ తిరిగి రాలేదు.

రోజూ సాయంత్రం దీపం పెట్టే ముందు, సిమ్ కదిలిందేమో చూడటానికి వంటింట్లో నుంచి అత్తమ్మకు ఒకసారి ఫోన్ చేస్తాను. చెయ్యమని ఆమే చెప్పింది. చేస్తున్నది నేనేనని ఆమెకు తెలుసు. అయినా మొదటి రింగు పూర్తికాకముందే గూట్లో బటన్ నొక్కిన చప్పుడు వినిపిస్తుంది.

"కొడుకా."

"నేనే అత్తమ్మా. గౌతమిని."



"నువ్వా బిడ్డా. లైను మంచిగనే ఉన్నది. ఇగ వెట్టెయ్. ఇప్పుడె ఆడు జేస్తె కలువది."