మా ఇంటి ఏసీ కంప్లైంట్

ఎండాకాలం వచ్చిందంటే మా ఆయన ఊరందరికీ దొరుకుతాడు, నాకు తప్ప. ఏసీ మెకానిక్ పెళ్లాన్ని మరి. చలికాలం వస్తే తీరిక దొరుకుతుందనుకునేరు, అప్పుడు గీజర్లు, రూమ్ హీటర్లు మొదలవుతాయి. రెండు కాలాల మధ్య ఉన్న సందులో మాత్రమే నాకు మొగుడున్నాడు. ఆ కాస్త సందులోనూ నిద్రపోతాడు.

ఈ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. నేను లేవకముందే వెళ్లిపోతున్నాడు. తిరిగొచ్చాక కంచం ముందు కునికిపాట్లు పడుతూ రెండు ముద్దలు మింగుతాడు. ఏం చెప్పినా "ఊ" అంటాడు, ఊ కొడుతూనే నిద్రలోకి జారిపోతాడు. వింటున్నాడో లేదో చూద్దామని, ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పాను. దానికీ "ఊ" అన్నాడు. నాకు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఒకే కప్పు కింద ఉంటున్న మనిషి కోసం మొహం వాచిపోయానని ఎవరితో చెప్పుకోను?

పోనీ మా ఇల్లయినా చల్లగా ఉందా అంటే అదీ లేదు. పడగ్గదిలో ఏసీ నీళ్లు కారుస్తుంటే కింద బకెట్ పెట్టాను. మా అత్తగారు ఆ బకెట్ వంక చూసి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా కొడుకు రచ్చ గెలిచి అక్కడే ఉండిపోయాడు" అంది. మనం చెప్తే వినడుగానీ, షాపుకి ఫోన్ చేస్తే చచ్చినట్టు వస్తాడని కూడా అంది. ఆవిడ వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ మాటని వదల్లేదు.

మర్నాడు ఆయన పనిచేసే షాపుకి ఫోన్ చేశాను. అక్కడ ఫోన్లు తీసే అమ్మాయి కొత్తగా చేరింది, నా గొంతు తెలియదు. ఏసీ కారుతోందని చెప్పి అడ్రసు ఇచ్చాను. మీ వైపు ఇళ్లకు ఇద్దరు మెకానిక్కులు తిరుగుతారని, ఎవరు ఖాళీ అయితే వాళ్లని రేపు పంపిస్తానని చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకడు మా ఆయన. రెండో ఆయన్ని షాపులో అందరూ గ్యాస్ బాబాయి అంటారు. స్విచ్చి వెయ్యని ఏసీని చూసినా గ్యాస్ అయిపోయిందనే చెప్తాడట. ఫలానా మెకానిక్కే కావాలంటే నా గుట్టు బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

మర్నాడు మంచి బట్టలు కట్టుకున్నాను. అత్తగారు నన్ను పైనుంచి కిందకి ఓసారి చూసి, పక్కింట్లో పనుందని వెళ్లిపోయింది. పక్కింట్లో ఆవిడకి ఏ పనీ లేదని మా ఇద్దరికీ తెలుసు. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పెళ్లినాడు కూడా ఇంత హైరానా పడలేదు. గ్యాస్ బాబాయే వస్తే బకెట్ దాచేసి, అంతా బాగానే ఉందని చెప్పి పంపేద్దామనుకున్నాను.

బెల్ మోగింది. తలుపు తీస్తే మా ఆయన. భుజాన పనిముట్ల సంచి, చేతిలో నీళ్ల పంపు, వీపుకి అతుక్కుపోయిన చొక్కా. జేబులో ఇంటి తాళంచెవి ఉంది, అయినా బెల్ కొట్టాడు. అడ్రసు చూడగానే నా ఎత్తు అర్థమైపోయి ఉంటుంది. నవ్వు దాచుకోవడం ఆయనకి చేతకాదు.

"కంప్లైంట్ ఏంటి మేడమ్?" అన్నాడు.

"నీళ్లు కారుతున్నాయి."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎండలు మొదలైనప్పటి నుంచి. చెప్పుకుందామంటే ఇంట్లో వినే నాథుడు లేడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. చెప్పులు విప్పి, తలొంచుకుని లోపలికి వచ్చాడు.

స్టూలెక్కి ఏసీ మూత తీసి, ఫిల్టర్లు నా చేతికిచ్చాడు. వాటి నిండా దుమ్ము మేట వేసుకుపోయింది. కుళాయి కింద కడిగి తెచ్చేసరికి ఏసీ కింద ప్లాస్టిక్ పట్టా కట్టి, పంపుతో లోపలంతా కడుగుతున్నాడు. నల్లటి నీళ్లు పట్టాలోంచి బకెట్లోకి దిగాయి. నీళ్లు బయటికి పోయే గొట్టం పాచి పట్టి మూసుకుపోయిందని చూపించాడు. స్టూలు కదలకుండా పట్టుకుంటానన్నాను. అది కదలడం లేదు. నేను పట్టుకున్నదీ స్టూలుని కాదు, ఆయన కాలిని.

చేతులు పనిలో పడ్డాక ఆయనకి మాటలొచ్చాయి. ఎవరో పెద్దాయన పనయ్యాక కూడా వదలకుండా కబుర్లు చెప్పించుకుంటాడట. ఒకావిడ ఏసీలో పిట్ట గూడు పెట్టిందని, పిల్లలు ఎగిరిపోయేదాకా ఉక్కలోనే ఉంటానని ఆయన్ని వెనక్కి పంపేసిందట. నేను అడిగినదానికల్లా నిండు వాక్యంతో జవాబు చెప్పాడు, ఒక్క "ఊ" కూడా లేదు. ఈ మనిషి ఇలా పొద్దంతా ఎవరెవరికో దక్కుతున్నాడని అసూయ పుట్టింది. గొట్టంలో ఇంకా బోలెడంత పాచి ఉంటే బాగుండుననిపించింది.

ఆయన ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. ఇక వెళ్లాలని నాకూ తెలుసు. మూత బిగిస్తుంటే చూడలేక మంచినీళ్లు తేవడానికి వెళ్లాను. గ్లాసు అందిస్తూ, ఇప్పుడు చెప్పకపోతే మళ్లీ ఎండలు తగ్గాకే అనుకుని చెప్పేశాను.

"ఏసీ కోసం కాదండీ. మిమ్మల్ని చూడాలనిపించింది."

ఆయన గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాడు.

"నాకు మాత్రం ఉండదా? ఏ ఇంటికెళ్లినా మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని నా పని చూస్తుంటారు. వాళ్ల గది చల్లబరిచి నేను ఎండలోకి పోతాను" అన్నాడు. తడి చేత్తో నా చెంప నిమిరి, సంచి భుజాన వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర మళ్లీ మెకానిక్ అయిపోయాడు. "వారంలోగా మళ్లీ తేడా వస్తే ఫోన్ చెయ్యండి మేడమ్. మర్నాడు ముందు మీ ఇంటికొచ్చాకే ఇంకో ఇంటికి. చేసినవాడే రావాలి, అది మా షాపు రూలు." ఈ మాట ఆయన అందరికీ చెప్తాడు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా రెండోసారి పిలవలేదు. సంపాదించిన ఆస్తి ఏదైనా ఉందంటే అదొక్కటే, దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు పెరుగుతుంది.

బండి సందు దాటేదాకా చూసి లోపలికొచ్చాను. గది చల్లగా ఉంది. చుక్క నీరు కారడం లేదు. కానీ ఏసీ మూత టకటకా కొట్టుకుంటోంది. స్టూలెక్కి చూస్తే ఒక మూల స్క్రూ లేదు. పడిపోయిందేమోనని వెతకబోయాను. అది ఏసీ పైనే ఉంది, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

వంటింటి కత్తి మొనతో నేనే బిగించగలను. స్క్రూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు స్టూలు మీదే నిలబడ్డాను. తర్వాత దిగి షాపుకి ఫోన్ చేశాను.

ఆ అమ్మాయి నమ్మలేదు. "ఆయన చేసిన పనికి ఇంతవరకు రెండో కంప్లైంట్ రాలేదండీ. పోనీ వేరేవాళ్లని పంపమంటారా?"

"వద్దమ్మా," అన్నాను. "పని సగమే అయింది. ఆయన్నే పంపించండి."