బావగారి పేరున ఉన్న నంబరు

నేను ఒక సిమ్ కార్డుని. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క, దాని మీద బంగారు రంగు రేకు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. నాతోపాటు పుట్టిన వేలమందిని ఒక పెట్టెలో పేర్చి, సీలు వేసి, దారిలో ఆ సీలు ఎవరైనా విప్పారేమోనని మూడు చోట్ల సరిచూసి మరీ కాకినాడ చేర్చారు. అంటే లోకం చూడకముందే నా మీద అనుమానం మొదలైంది.

నన్ను మొదట చేతిలోకి తీసుకున్నది వీరభద్రరావుగారు. నీటిపారుదల శాఖలో గుమాస్తా. ఆ రోజుల్లో మా కంపెనీ ఒక ఫ్యామిలీ ప్లాన్ పెట్టింది. ఒకరి పేరున కనెక్షన్ తీసుకుంటే అదే బిల్లు కింద ఇంట్లో మరో ముగ్గురు మాట్లాడుకోవచ్చు. ఆయన నాలుగు కార్డులు తీసుకుని, తేలిగ్గా గుర్తుండే నంబరు తన దగ్గర ఉంచుకున్నారు. రెండోది భార్య వెంకటరత్నానికి, మూడోది తమ్ముడు గోపాలానికి, మిగిలిన నన్ను తమ్ముడి భార్య సుభాషిణికి ఇచ్చారు. కాగితాల మీద నలుగురికీ కలిపి ఆయనే సంతకం పెట్టారు. అప్పట్లో అందరూ సామర్లకోటలో ఒకే ఇంట్లో ఉండేవారు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. మనుషులు విచిత్రమైనవాళ్ళు. కుళాయి ఎవరి పేరున ఉందో, గ్యాసు బండ ఎవరి పేరున ఉందో వాళ్ళకు తెలుసు. రోజంతా చెవికి ఆనించుకు తిరిగేది ఎవరి పేరున ఉందో మాత్రం పట్టించుకోరు.

సుభాషిణి నర్సు. ఇంజక్షన్ చేసే ముందు సీసా మీద పేరు మూడుసార్లు చదివే మనిషి. ఆ అలవాటు ఫోన్‌కీ పాకింది. తెలియని నంబరు వస్తే ఎత్తినా తను ముందు మాట్లాడదు. అవతలివాళ్ళు నోరు విప్పేదాకా ఊపిరి బిగబట్టి వింటుంది. పదకొండేళ్ళు అలాంటి మనిషి దగ్గర ఉన్నాను. కాపురం కాకినాడకు మారింది. నాలుగు ఫోన్లు మారాయి. నేను మాత్రం ఒక ఫోన్ లోంచి ఇంకో ఫోన్ లోకి దూరుతూ వచ్చాను.

ఇంతలో ఆవిడకు ఐర్లండ్‌లో కార్క్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్ళాలి. భర్త, పదిహేనేళ్ళ కూతురు చందన వీసాలు వచ్చాక వెళ్ళాలి. వాళ్ళ వీసా దరఖాస్తులో ఇచ్చింది నా నంబరే. ఆన్‌లైన్‌లో ఆ దరఖాస్తు తెరవాలంటే కోడ్ నాకే వస్తుంది. ఆ నంబరు చేజారితే భర్తా కూతురూ ఇక్కడ, తను అక్కడ.

గురువారం ప్రయాణం. సోమవారం పొద్దున్నే సుభాషిణి మా కంపెనీ స్టోరుకు వెళ్ళింది. ఈ నెలవారీ బిల్లు ఆపించి, ప్రీపెయిడ్‌లోకి మార్పించుకుని, నంబరు బతికించి వెంట తీసుకెళ్దామని ఆవిడ ఆలోచన. కౌంటరులో లలిత అనే ఆవిడ కంప్యూటరులో చూసి, తల ఎత్తింది.

"ఈ నంబరు మీది కాదండి మేడం."

"పదకొండేళ్ళ నుంచి నేనే వాడుతున్నానండి."

"వాడేది మీరేనండి. పేరు మాత్రం వీరభద్రరావుగారిదండి. ఆయనొచ్చి, ఆయన ఫోనుకొచ్చిన కోడ్ ఇస్తేగానీ మీ పేరుకి మారదండి."

"నేను వెళ్ళిపోయాక ఆయన దీన్ని తీయించేస్తేనో?"

"తీసేస్తామండి. కొన్నాళ్ళాగి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారండి."

సుభాషిణి ఫోన్ గట్టిగా పట్టుకుంది. ముక్కూ మొహం తెలియని ఎవడో తన కూతురి వీసా కోడ్ తీరిగ్గా చదువుకుంటున్నట్టు కళ్ళముందు కనిపించి ఉంటుంది.

బావగారిని అడిగితే పోయేదే. కానీ ఆ ఇంటితో రెండేళ్ళుగా మాటలు లేవు. ఇందులో నా పాత్ర కూడా ఉంది. చందన ఓణీల ఫంక్షన్‌కి సుభాషిణి తోడికోడలిని బొట్టు పెట్టి పిలవలేదు. డ్యూటీల మధ్య తీరిక లేక, మధ్యాహ్నం అన్నం తింటూ శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో నలభై మందికి ఒకేసారి పంపింది. 'బంధుమిత్రులందరికీ' అని మొదలుపెట్టిన ఆ మెసేజ్ సామర్లకోటకు మోసుకెళ్ళింది నేనే. మోసేటప్పుడు బరువు అనిపించలేదు. ఆ ఇంటి నుంచి ఫంక్షన్‌కి ఎవరూ రాకపోయాక తెలిసింది.

ఆ సాయంత్రమే సుభాషిణి సామర్లకోట బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకుంది. బావగారు ఇవ్వనని మొహం మీద చెప్పరు. రేపు, ఎల్లుండి అంటారు. గురువారం దాటిపోతుంది.

తలుపు తీసింది వెంకటరత్నం. "ఇన్నాళ్ళకి దారి తెలిసిందేవిటి నర్సమ్మగారికి?"

సుభాషిణి సంగతంతా చెప్పింది. వీరభద్రరావుగారు పడక్కుర్చీలోంచి లేవకుండా విన్నారు. రిటైరయ్యాక ఆయనకు అనుమానాలు పెరిగాయి. టీవీలో చూపించే ప్రతి మోసమూ తన ఇంటికే బయలుదేరిందని ఆయన నమ్మకం.

"కోడ్ ఎవరికీ చెప్పకూడదంటన్నారమ్మాయ్. సొంతవాళ్ళయినా సరే."

"నన్ను కూడా నమ్మరా బావగారూ?"

"నిన్నని కాదు. లోకం అలాగుంది. అటు నీకు కోడ్ చెప్తే ఇటు మా నంబర్లు పోతే? మీ అక్కయ్య ఫోన్ పోతే నాకిక్కడ అన్నం పుట్టదు."

"నన్నెందుకు మధ్యలో లాగుతారు?" అంది వెంకటరత్నం. తరవాత తోడికోడలి వైపు తిరిగింది. "అప్పుడు పిలవడానికి ఫోను సరిపోయింది. ఇప్పుడు ఫోను కోసం మనిషి రావల్సొచ్చింది. అవునా?"

సుభాషిణి హ్యాండ్‌బ్యాగు పట్టీ సర్దుకుంది. "తప్పే అక్కయ్యా," అంది.

"తప్పూ ఒప్పూ నాకెందుకు? పిలువు."

"దేనికి?"

"చందన ఓణీలకి."

"ఎప్పుడో అయిపోయిందానికి ఇప్పుడు పిలుపేవిటి?"

"నీకయ్యింది. నాకవ్వలేదు. నేను రాలేదు కదా."

వెంకటరత్నం లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి బల్ల మీద పెట్టింది. సుభాషిణి ఆవిడ మొహం వంక అనుమానంగా చూసింది. వెక్కిరింపేమోనని పెదవుల చివర వెతికింది. అక్కడేమీ దొరకలేదు. నేను సగం తెరిచిన బ్యాగులోంచి ఇదంతా చూస్తూ వింటున్నాను.

చివరికి భరిణె మూత తెరుచుకుంది. సుభాషిణి బొట్టు పెట్టి, రెండేళ్ళ కిందటి శుభలేఖలో ఉన్న రోజే చెప్పింది.

"శుక్రవారం మా చందనకి ఓణీలిస్తున్నాం అక్కయ్యా. మీరూ బావగారూ ముందురోజే రావాలి."

"ఎన్నింటికి?"

"పదిన్నరకి."

"భోజనాలెక్కడ?"

"అక్కడే."

"చూస్తాంలే," అంది వెంకటరత్నం బింకంగా. బీరువా తలుపు కిర్రుమంది. ఆవిడ ఒక ప్యాకెట్టు తెచ్చి సుభాషిణి ఒళ్ళో పడేసింది. ఆకుపచ్చ పరికిణీ, వంకాయరంగు ఓణీ. "అప్పుడే కొన్నాను. పిలుస్తావనుకున్నాను. పిల్ల పొడుగయ్యిందంట కదా, ఇప్పుడు పొట్టవుద్దేమో. పైమడత విప్పి కుట్టించు."

అప్పుడు సుభాషిణి ఏడ్చింది. ఏడుస్తూనే, "రేపు పదింటికల్లా స్టోరు దగ్గరుంటారా బావగారూ?" అని అడిగింది. ఏ సమయంలోనైనా పని మరిచే మనిషి కాదు. ఆయన సరే అన్నా, మర్నాడు బస్సు దిగేదాకా ఆవిడ నమ్మలేదు.

స్టోరులో వీరభద్రరావుగారికి కోడ్ వచ్చింది. ఆయన కండువా అడ్డం పెట్టుకుని చదువుకున్నారు. "చెప్పండి సార్," అంది లలిత. ఆయన చెప్పలేదు. టైమయిపోయింది. రెండోసారి వచ్చింది. చుట్టూ చూశారు, పక్కన నిలబడ్డ కస్టమరును దూరం జరగమన్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ టైమూ అయిపోయింది.

"ఇంకోసారి తప్పితే రేపటిదాకా రాదండి సార్."

రేపటికి ఇంకేమైనా అడ్డం వస్తే, ఆ పైది గురువారం. మూడో కోడ్ వచ్చింది. వీరభద్రరావుగారు దాన్ని చూసి, కండువా తీసేసి, ఫోన్ మరదలి చేతిలో పెట్టేశారు.

"నువ్వే చూసి చెప్పుకో. నేనైతే ఎవరికీ చెప్పలేదు."

అంకెలన్నీ ఆవిడ చదివింది. లలిత కొట్టింది. నంబరు సుభాషిణి పేరుకు మారింది. పాత బిల్లు ముగిసినట్టు కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "అంతా ఆన్‌లైనే మేడం" అన్న మాట మూడుసార్లు విని, మూడుసార్లూ చెయ్యి చాపింది. చివరికి లలిత స్టాంపు వెతికి తెచ్చింది.

కొత్త కనెక్షన్‌కి కొత్త కార్డు ఇస్తారు. ఇది నాకు ముందే ఎవరూ చెప్పలేదు. కంపెనీ నుంచి నాకొక మెసేజ్ వచ్చింది: 'ఈ సిమ్ కొద్దిసేపట్లో ఆగిపోతుంది.' నా చావు వార్త నాతోనే మోయించారు. సుభాషిణి దాన్ని చదివి, "ఇది నిజంగా మీరే పంపారా?" అని లలితను అడిగింది.

నన్ను బయటికి తీసి బల్ల మీద పెట్టారు. నా చోట్లోకి కొత్తది వెళ్ళింది. పనిచేస్తోందో లేదో చూడాలని బావగారిని ఓసారి ఫోన్ చెయ్యమంది. ఆయన పక్కనే నిలబడి నొక్కారు. ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, అలవాటు కొద్దీ మాట్లాడకుండా ఉంది.

"బాగున్నావా అమ్మాయ్?" అన్నారు వీరభద్రరావుగారు, ఫోన్‌లో.

"బాగున్నాను బావగారూ."

ఇద్దరి మధ్యా మూరెడు దూరం. ఫోన్ దించడానికి ఇద్దరికీ బుద్ధి పుట్టలేదు. రెండేళ్ళ తరవాత ఆ ఇంటి నుంచి వచ్చిన పలకరింపు అది. నా గుండా వెళ్ళలేదు.

లలిత నన్ను చెత్తబుట్టలో వెయ్యబోతే సుభాషిణి ఆపింది. కత్తెర అడిగి తీసుకుని, బంగారు రేకు మధ్యకు వచ్చేలా నన్ను రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క స్టోరు బుట్టలో వేసింది. రెండో ముక్క కూడా అక్కడే వేస్తే ఎవరైనా అతికించుకుంటారేమోనని, తరవాత వేరే చోట పారేద్దామని, హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పడేసి జిప్పు లాగింది. తరవాత అనేది ఆవిడకు తీరిక దొరికినప్పటి మాట.

అలా నేను, సగం నేను, ఏ రోమింగూ లేకుండా విమానమెక్కి కార్క్ చేరాను. ఒక తలనొప్పి మాత్రల అట్ట, రెండు బస్సు టికెట్లు నాకు తోడు. ఏడు నెలలు గడిచాయి. చలి పెరిగింది, తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం జిప్పు తెరుచుకుంది. లోపలికి వచ్చిన చెయ్యి సుభాషిణిది కాదు. సన్నటి వేళ్ళు, గోళ్ళకు రంగు.

"అమ్మా, ఈ విరిగిన ముక్కేంటి?" అంది చందన.

వంటింట్లోంచి గోపాలం దగ్గు వినబడింది. పోపు ఘాటు అక్కడికీ వచ్చింది.

సుభాషిణి తొంగి చూసింది. పదకొండేళ్ళు చెవి పక్కన పెట్టుకున్న దాన్ని గుర్తు పట్టలేదు.

"ఏమో, తెలీదు. పారెయ్," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆగాగు. ఇంకో రెండు ముక్కలు చేసి పారెయ్."