తల ఊపిన తీర్పు

పాతపాళ్యలో తగవు వస్తే ఆదినారాయణప్ప దగ్గరికి పోవడం వాడుక. అరవై దాటిన మనిషి, మాట మీద నిలబడేవాడు. అయితే రెండేళ్లుగా ఆయనకు చెవులు సరిగా వినిపించడం లేదు. ఆ సంగతి ఊరికి తెలియనివ్వలేదు. ఎదుటివాళ్ల ముఖం చూసి తల ఊపడం అలవాటు చేసుకున్నాడు. వినలేనివాడి తీర్పు ఎవరు వింటారని ఆయన భయం.

1958 ఎండాకాలంలో అక్కమ్మ, ఆమె మరిది బైరప్ప బావి నీళ్ల తగవుతో వచ్చారు. అక్కమ్మ మొగుడు పోయి ఏడాది. రెండు కుటుంబాలకూ ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఒకటే, దినం విడిచి దినం వంతు. ఈ పైరుకు ఆమె వంతు కూడా తనకే వదలాలని బైరప్ప అరిచి చెప్పాడు. అరుపు కాబట్టి వినబడింది. అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. "ఒప్పుకున్నానప్పా" అన్నట్టు తోచింది. మళ్లీ అడగడానికి నామోషీ.

తల ఊపి, "మంచిదమ్మా, అట్లే కానీండి" అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసి, కొంగు దోపుకుని వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత గూళూరు నుంచి వస్తూ ఆయన ఆమె చేను గట్టున ఆగాడు. మిరప మొక్కలు వాడి ఒరిగిపోయాయి. అక్కమ్మ ఎక్కడినుంచో కడవతో నీళ్లు మోసుకొచ్చి మొదళ్లలో పోస్తోంది.

"ఇదేందమ్మా? వంతు వదిలేదానికి నువ్వే ఒప్పుకుంటివి గదా?"

ఆమె కడవ దించి దగ్గరికొచ్చింది. "ఒప్పుకోనప్పా అంటిని! నువ్వు తల ఊపితివి. నీకూ నా మాట లెక్కలేదనుకుంటిని."

ఆయన ముఖం భగ్గుమంది. వినబడలేదని చెప్పకుండానే వెనుదిరిగాడు. ఇంటికొచ్చి భార్య మునిరత్నమ్మతో చెప్పుకున్నాడు.

"నాకు తెలీదా? ఉప్పు అడిగితే నిప్పు తెస్తాండావు" అందామె. "నాకు చెప్పి ఏం లాభం? పోయి అక్కమ్మకు చెప్పు."

తెల్లారి అందరినీ పిలిపించాడు. "నాకు చెవుడు వచ్చుండాది. సిగ్గుపడి దాచుకుంటిని. ఈయమ్మ మాట వినకుండానే తీర్పు చెప్పినాను. తప్పు నాది."

"చెవిటోని తీర్పుకు నేను కట్టుబడల్లా?" బైరప్ప నవ్వాడు. ఇంకొందరు నవ్వారు.

ఆదినారాయణప్ప తల వంచుకున్నాడు గానీ లేచిపోలేదు. "వద్దు. వేరే పెద్దమనుషులను పిలుచుకో. ముందు ఆమె చెప్పేది విను."

అక్కమ్మ కాస్త వినబడే ఆయన కుడిచెవి దగ్గర నిలబడి, మొగుడు పోయినా తన వంతు పోలేదని, నీళ్లు లేక మిరప ఎండుతోందని గట్టిగా చెప్పింది. ఆయన కోసం చెప్పిన మాటలు అందరూ విన్నారు. నవ్వినవాళ్లే ఆమె వైపు మాట్లాడేసరికి బైరప్ప దిగొచ్చాడు. వంతు తిరిగొచ్చింది. సగం మిరప మాత్రం అప్పటికే చచ్చిపోయింది.

ఇక తన గడప ఎవరూ తొక్కరనుకున్నాడు. వచ్చారు. ఒక్కొక్కరినే కుడిపక్క కూర్చోబెట్టుకుని, వినబడకపోతే మళ్లీ చెప్పమనేవాడు. అరుస్తూ మొదలుపెట్టినవాడు రెండోసారి చెప్పేటప్పటికి సగం తిట్లు వదిలేసేవాడు. కొన్ని తగవులు అక్కడే తెగిపోయేవి.

అక్కమ్మ చేను పక్కన పోయేటప్పుడు మాత్రం ఆయన తల ఎత్తేవాడు కాదు. ఒకనాడు ఆమె గట్టు మీది నుంచి ఏదో అంది. ఆయన ఆగాడు. సిగ్గు ఇంకా పోలేదు. అయినా అడిగాడు.

"వినబడలేదమ్మా. మళ్లీ చెప్పు."

"పలకరించకుండా పోతాండావేమప్పా అంటిని" అంది అక్కమ్మ, ఈసారి గట్టిగా.