ఎదురింటి కిటికీ

వదినా అనడం ఎప్పుడు నేర్చుకున్నాడో ఇతను, అన్న బతికున్నన్నాళ్లూ గుమ్మం తొక్కని తమ్ముడు, ఆయన పోయి నెల తిరగకుండా ముందుగదిలో చేరి నేనిచ్చిన టీ ఊదుకుంటూ మాటకి ముందొక వదినా, వెనకొక వదినా, అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా, నా కాలు కుట్టుమిషను మీద ఆడుతోంది గానీ చెవులు రెండూ అతని దగ్గరే ఉన్నాయి, ఒంటరిదానివి, ఇంటి తాళాలు నా దగ్గరుంటే నీకు దిగులుండదు వదినా అంటున్నాడు, దిగులు నాకా అతనికా, పొద్దున గేటు దగ్గర పాలతనితో ఆవిడ పైవాటాలో అద్దెకుంటుందిలే అన్నాడు, నేను వినలేదనుకున్నాడు, ఇంట్లో వదినని, వీధిలో అద్దెమనిషిని.

ఆ మాటైనా అతను పుట్టించి ఉంటే బాగుండేది, పుట్టించింది నేనే, ఆయనతో ఉండడానికి వచ్చిన కొత్తలో పెళ్లి కాలేదంటే ఎవరేమంటారోనని పైవాటాలో అద్దెకు దిగానని వీధంతా చెప్పాను, ఆయన బట్టలు పెరట్లో, నావి డాబా మీద ఆరేసేదాన్ని, రేడియోలు బాగుచేసుకునే మనిషి, నవ్వేవాడు, ఒక కంచంలో తింటూ బట్టలకి రెండు తీగలెందుకే అనేవాడు, మీకేం తెలీదు ఊరుకోండి అనేదాన్ని, నిన్న లాయరమ్మ ఏమంది, పెళ్లి కాకపోయినా ఏళ్ల తరబడి ఆలుమగల్లా కాపురం చేస్తే ఈ ఇంట్లో ఉండే హక్కు కోసం గట్టిగా అడగొచ్చమ్మా, కాకపోతే అలా ఉన్నారని బయటివాళ్లు చెప్పాలి, ఎవరున్నారు అంది, ఇంత జాగ్రత్తగా దాచుకున్నాక ఎవరుంటారు.

ఎదురింటి పరదా కదిలింది, మళ్లీ పిన్నిగారే, పొద్దున ఇతను ఆవిడ గుమ్మంలో కూడా నిలబడ్డాడు, అద్దెకే కదండీ అని తలాడిస్తూ అడగడం చూశాను, ఆవిడ మూతి విరిచింది, ఇద్దరూ ఒకటయ్యారా, అయ్యే ఉంటారు, ఆవిడకి నేనంటే మొదట్నుంచీ పడదు, కూరల బండి దగ్గర నాకు వినపడేలానే అనేది, అద్దెకుందట, పైవాటాలో దీపం వెలగ్గా ఎవరైనా చూశారా అని, ఆయనకి జ్వరమొస్తే నీ కళ్లు వాచాయేమ్మా అని మొహం మీదే అడిగింది, పాడు నోరని ఎంత తిట్టుకున్నాను, ఆవిడ కళ్లు పడకూడదని పరదాలకి రెండో పొర వేసి కుట్టాను, పైవాటాలో దీపం వెలగదట, ఆగు, దీపం వెలగదని ఎన్నేళ్లుగా చెబుతోందావిడ, ఆ మూతి విరిచింది నన్ను చూసి కాదు, అద్దెకే కదా అన్న ఇతని మాటకి.

మిషను ఆగిపోయింది, వింటున్నావా వదినా అంటున్నాడు, తాళాలు గుప్పిట్లో పెట్టుకుని చెప్పులేసుకున్నాను, ఈ వీధిలో నా అబద్ధాన్ని ఒక్కరోజైనా నమ్మని మనిషి ఆవిడొక్కతే, వెళ్లి అడగాలి, ఇన్నేళ్లూ నా గురించి ఏమేం అన్నారో అవన్నీ ఒక్కసారి కోర్టులో కూడా అనండి పిన్నిగారూ అని.