మట్టిగట్టు

పార్కులోని కుంటకు సిమెంటు గోడ కడతారని తెలిసినప్పుడు సునయన సంతోషించింది. ఉద్యోగం కోసం గుంటూరు నుంచి చెన్నైలోని అంబత్తూరు వచ్చిన ఆ అమ్మాయికి పాములంటే చచ్చేంత భయం.

ఆ కుంటను బతికించింది దమయంతి. అదే ఊళ్లోని చూలైలో పుట్టి పెరిగి, బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క నిండి కంపు కొట్టే ఆ గుంటలోకి చీర ఎగదోపుకుని ముందు తనే దిగింది. ఆమెను చూసి ఇరుగుపొరుగు దిగారు. సునయన కూడా వచ్చేది కానీ గట్టుమీదే ఉండి చెత్త ఏరేది. రెండేళ్లకు నీళ్లు తేటపడ్డాయి. ఒడ్డున జమ్ము పెరిగింది. కప్పలొచ్చాయి, వాటి వెనకే కొంగలొచ్చాయి.

గట్టు తవ్వడానికి యంత్రం వచ్చిన పొద్దున దమయంతి చెప్పులు విడిచి, నేరుగా నీళ్లలోకి నడిచి, జమ్ముకు అడ్డంగా నిలబడింది.

“ఆంటీ, బయటికి రండి! గోడ కడితే మంచిదేగా?” అంది సునయన కంగారుగా.

“గోడ కడితే పిల్లలు యాడ ఎక్కొస్తాయమ్మా? ఈడకొచ్చి చూడు.”

సునయనకు పాములు గుర్తొచ్చాయి. అయినా దిగింది. జమ్ము నడుమ గూటిలో తెల్లరొమ్ము నీటికోడి పొదుగుతోంది. అంత రొదలోనూ అది గుడ్లమీంచి లేవలేదు.

సూపర్‌వైజర్ ప్రభాకరన్ గట్టుమీంచి విసుక్కున్నాడు. దమయంతి కోప్పడకుండా, మీరూ వచ్చి చూడండని తమిళంలో పిలిచింది. అతను ప్యాంటు మడుచుకుని దిగి చూశాడు. యంత్రం ఆపమని చెయ్యెత్తాడు. కానీ నిర్ణయం తనది కాదని, ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

ఎండ ముదిరింది. దమయంతి అక్కడే నిలబడింది.

“నువ్వు ఆఫీసుకు పో మా, లేటయిపోతా ఉండాది.”

“సెలవు పెట్టేశానండీ,” అంటూ సునయన ఆమె పక్కనే నిలబడింది.

మధ్యాహ్నానికి ఇంజనీరు వినోదిని వచ్చింది. నడిచే దారిని కాస్త దూరం జరిపి, మధ్యలో సన్నటి వల కంచె వేస్తే పాముల బెడద ఉండదని దమయంతి చెప్పింది. వినోదిని కుంట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గోడ వద్దనేసింది.

కొన్నాళ్లకు నల్లటి పిల్లలు తల్లి వెంట తడబడుతూ మట్టిగట్టు ఎక్కాయి. నడకకు వచ్చినవాళ్లు కంచె దగ్గర ఆగి, తమ పిల్లల్ని ఎత్తుకుని మరీ వాటిని చూపించారు. దమయంతి మాత్రం అవతలి ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో గుర్రపుడెక్క పీకుతోంది. ఈ వయసులో ఇంత ఓపిక ఎక్కడిదో ఈమెకు అనుకుంటూ, సునయన ప్యాంటు మడుచుకుని ఆమె దగ్గరికి దిగింది.