తనంతట తాను తిరిగే అల

"నిన్న విన్నది ఇది కాదు," అన్నాడు నిర్మాత ఫోన్లో. "నీ మరదలి చెయ్యి ఊరుకోలేదన్నమాట."

దర్శకుడు ఫోన్‌ను స్పీకర్లో పెట్టి ఉండటంతో ఆ మాట గదిలో ఉన్న మరదలి చెవిన సూటిగా పడింది. ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. సినిమాలకు శబ్దాలు తయారుచేయడం ఆమె పని. ఇన్నాళ్లూ ఎవరో ఒకరి కింద చేసింది. ఒక సినిమా మొత్తం తన చేతికి రావడం ఇదే మొదలు. అదీ బావ పట్టుబట్టి ఇప్పించాడు.

"సాయంత్రం వస్తాను. నిన్నటిది నిన్నటిలాగే వినిపిస్తే సరే. లేదంటే సినిమా నా పాత సౌండ్ మనిషికి ఇచ్చేస్తాను," అని నిర్మాత ఫోన్ పెట్టేశాడు.

బావ ఆమె వైపు తిరిగాడు. "ముట్టుకోవద్దన్నానా?"

"ముట్టుకోలేదు బావా."

"మరి దయ్యం వచ్చి మార్చిందా?"

సీను చిన్నదే. కథానాయిక కోల్డ్ స్టోరేజీలో అరల వెనక నక్కి ఉంటుంది. కత్తి పట్టుకున్నవాడు లోపలికి వస్తాడు. వెనక కంప్రెసర్ మోత. నిన్న ముగ్గురూ ఇదే గదిలో చూస్తుండగా, కథానాయిక ఊపిరి బిగబట్టిన క్షణంలోనే ఆ మోత కుంగింది. నమ్మకం లేకుండా వచ్చిన నిర్మాత కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇదే. ఇక దీన్ని కదపొద్దు," అన్నాడు. వాళ్లు వెళ్లాక పిచ్చుక ఫైలు తీసి నిర్మాతకు పంపింది. తీరా ఆ ఫైల్లో, తెర మీద ఇంకా అట్టపెట్టెలే కనిపిస్తుండగానే మోత కుంగిపోయింది. ఊపిరి బిగబట్టే వేళకు మళ్లీ గొంతెత్తి అరుస్తోంది.

మొదటి అనుమానం అక్క మీద. అక్క ఎడిటర్. పక్క గదిలోనే ఉంటుంది.

"అక్కా, ఆ సీన్లో కట్ ఏమైనా జరిపావా?"

అక్క తెర మీంచి కళ్లు తిప్పలేదు. "జరిపితే నీకు చెప్పనా? మీ బావ తిడితే నా మీదకు తోసేద్దామనా?"

"అడిగానంతే."

"ఒక్క ఫ్రేమ్ కదల్లేదు. పోయి నీ గదిలో వెతుక్కో."

పిచ్చుక వెనక్కి వచ్చి సీను నొక్కింది. ఈసారి మోత తలుపు దగ్గర కుంగింది. మళ్లీ నొక్కింది. కత్తి మీద కుంగింది. ఆమె రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. తెర మీద ఓ మూలనున్న చిన్న మీట కనపడగానే నాలిక్కరుచుకుంది.

ఆ మోతను ఆమె సింథసైజర్ సాఫ్ట్‌వేర్‌లో పుట్టించింది. దాన్ని ఆడించేది ఎల్.ఎఫ్.ఓ. అనే నెమ్మదైన అల. ఆ అల మనకు వినపడదు. కనపడని చెయ్యిలా వాల్యూం పట్టుకుని మెల్లగా ఎత్తుతుంది, మెల్లగా దించుతుంది. శబ్దం మొదలైనప్పుడల్లా ఆ అలను కూడా మొదటి నుంచి రమ్మనవచ్చు. లేదా దాని మానాన దాన్ని తిరగనివ్వవచ్చు. పిచ్చుక ఏవో ప్రయోగాలు చేస్తూ దాని మానాన వదిలి, మళ్లీ మార్చడం మరిచిపోయింది. దాంతో ఎప్పుడు నొక్కినా అల ఎక్కడుంటే అక్కడి నుంచే అందుకుంటోంది. నిన్న ఊపిరి దగ్గర కుంగడం ఆమె పనితనం కాదు. వట్టి గాలివాటం.

విషయం విని బావ తల పట్టుకున్నాడు. "ఈ మాట ఆయనతో అనకు. పొరపాటున పాత ఫైలు వెళ్లిందని చెబుదాం."

"ముందు నిన్నటి మోత దొరకనీ బావా."

మీట మార్చింది. ఇప్పుడు అల శబ్దంతో పాటే బయలుదేరుతుంది. ఏ ఎత్తు నుంచి బయలుదేరాలో కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయింది. చివరికి మోత ఊపిరి దగ్గర కుంగింది.

బావ పెదవి విరిచాడు. "చోటు అదే. కానీ నిన్న ఒళ్లు జలదరించింది. ఇవాళ ఎవరో ఫ్రిజ్ ఆపినట్టుంది."

పిచ్చుకకు కోపం వచ్చింది. వచ్చిన కోపం వచ్చినట్టే ఆగిపోయింది, బావ చెప్పింది నిజం కనక. ఎత్తుపల్లాలు ఒక్కటే కాదు, ఆ మోతకు గొంతు ముడుచుకునే గుణం కూడా ఉంది. దాన్ని నడిపేది మరో ఎల్.ఎఫ్.ఓ. దాని వేగం వేరు. అదీ ఇప్పటిదాకా దాని మానాన అదే తిరుగుతోంది. నిన్న రెండు అలలూ ఒకేసారి కిందికి దిగాయి. మోత తగ్గడమే కాదు, దుప్పటి కప్పినట్టు మూసుకుపోయింది కూడా.

రెండోదాన్నీ అక్కడే దిగేలా కట్టేసింది. సీను నొక్కింది. బావ జలదరించిన మోచెయ్యి రుద్దుకున్నాడు.

సాయంత్రం నిర్మాత వచ్చి నిలబడే విన్నాడు. "ఇదే. మరి మధ్యలో నాకు పంపిందేమిటి?"

"పాత ఫైలండీ..." బావ అందుకోబోయాడు.

"కాదండీ," అంది పిచ్చుక. రేపు మరో సీన్లో ఇలాంటిదే జరిగితే ఏ పాత ఫైలు మీదకు తోయాలి? "నిన్న మీరు విన్నది నేను చేసింది కాదు. అలా పడింది. నేను మీట సరిగ్గా పెట్టలేదు. ఇవాళ్టిది మాత్రం చేసి పెట్టింది."

బావ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

"అయితే నిన్న నేను మెచ్చుకున్నది నిన్ను కాదన్నమాట," అన్నాడు నిర్మాత.

"కాదండీ."

"మరి లిఫ్టు సీన్లోనూ నాకు ఇలాంటిదే కావాలంటే? నీకు చేతనవుతుందా, లేక పడేదాకా అందరం కూర్చోవాలా?"

"ఎక్కడ కుంగాలో చెప్పండి."

పిచ్చుక లిఫ్టు సీను తీసి అదే మోత పెట్టింది. నిర్మాత కుర్చీ లాక్కుని తెర మీద వేలు పెట్టాడు. లిఫ్టులో దీపం ఆరేచోట. పిచ్చుక రెండు అలల్నీ అక్కడికి తిప్పింది. మోత దీపంతో పాటే పడిపోయింది.

"దీపం ఆరాక, ఓ రెప్పపాటు ఆగి."

తిప్పింది. చీకటి పడింది, రెప్పపాటు తర్వాత మోత కుంగింది. నిర్మాత ఆమె చెయ్యి పక్కకు జరిపి తానే మళ్లీ నొక్కి చూశాడు. అక్కడే కుంగింది. ఇంకోసారి నొక్కాడు. అక్కడే.

జేబులోంచి ఫోన్ తీసి పాత సౌండ్ మనిషికి కలిపాడు. "రేపు నువ్వు రానక్కర్లేదులే. ఇక్కడి అమ్మాయే చేస్తోంది," అని పెట్టేసి, "మెట్ల సీను కూడా తియ్యి," అన్నాడు.