మూడో తెర

ఆగండి, ఆగండి! ఆ గది తలుపు దగ్గర కాసేపు నిలబడి వినండి. లోపల నవ్వులు వినిపిస్తున్నాయా? అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ తర్వాత కాస్త వెనకబడి ఇంకో నవ్వు వచ్చింది చూశారూ, అది మార్లిస్‌ది.

గోడమీది పెద్ద కంప్యూటర్ తెరలో ఎవరో ఏదో బొమ్మ అంటించారు. ఏం బొమ్మో ఆమెకు తెలీదు. ఆమెకు చూపు లేదు.

కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక యూనివర్సిటీ అది. ఆ గదిలో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, సమాజశాస్త్రం చదివినవాళ్లున్నారు, డిజైనర్లున్నారు. అందరూ కలిసి ఒక మెషిన్ తయారుచేస్తున్నారు. క్లినిక్‌కి వచ్చిన రోగి ఎవరి సాయమూ లేకుండా తనే తన పేరు నమోదు చేసుకోవాలి. చూపు లేకపోయినా, చెయ్యి వణికినా, చదువు రాకపోయినా అది పనికిరావాలి. ఎంత మంచి పని! కానీ ఆ మంచి పని గురించి వాళ్లు అనుకునేదంతా ఆ తెరమీద అంటించే రంగురంగుల చీటీల్లోనే ఉంటుంది. మార్లిస్ కంప్యూటర్‌లో రాతల్ని చదివిపెట్టే గొంతు ఒకటుంది. ఆ చీటీల దగ్గరికొచ్చేసరికి అది "చిత్రం... చిత్రం... చిత్రం..." అని ఊరుకుంటుంది.

చేరిన కొత్తలో, ఆ గొంతు చదవగలిగేట్టు చీటీలు పెట్టమని అడిగింది.

"అయ్యో మార్లిస్! ఎవరో ఒకరు నీకు చదివిపెడతార్లే," అంది ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ గ్వెన్ థీసెన్.

ఎవరో ఒకరు అంటే ఎవరూ కాదని త్వరలోనే తెలిసొచ్చింది. మళ్లీ అడగలేదు. అడిగినప్పుడు గదిలో ఒక నిశ్శబ్దం పడుతుంది, మంచు కురిసిన వీధిలాగా. మంచు కురిస్తే వీధి గొంతు పోతుంది, కాలిబాట అంచు చేతికర్రకి అందదు, ఎక్కడున్నామో తెలీదు. దానికంటే ఆలస్యంగా నవ్వడమే నయం. ఈ ఉద్యోగానికి ముందు ఏళ్లతరబడి ఆమెతో మాట్లాడింది అపార్ట్‌మెంట్‌లోని రేడియో ఒక్కటే. ఇక్కడ ఆమెకంటూ ఒక కుర్చీ ఉంది, ఆమె వచ్చేదాకా ఎదురుచూసే మనుషులున్నారు. మెషిన్ పనిచేస్తోందో లేదో పరీక్షించి చెప్పడం ఆమె పని.

ఇవాళ మధ్యాహ్నం క్లినిక్‌లో ప్రదర్శన. నిధులిచ్చేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి నచ్చితేనే ప్రాజెక్టు, ప్రాజెక్టు ఉంటేనే ఆ కుర్చీ.

బయల్దేరబోతుంటే వరండాలో జునెల్ ఆపాడు. మెషిన్‌కి ప్రోగ్రాం రాసే మనిలా కుర్రాడు. పెద్దవాళ్లని పేరుపెట్టి పిలవడానికి వాడికి ఇంకా నోరు రాదు.

"అక్కా, ఒక్క మాట. నిన్న కొత్త అప్‌డేట్ ఎక్కించాం కదా... మూడో స్క్రీన్‌లో గొంతు పలకట్లేదు."

"అసలు పలకట్లేదా?"

"ఊహూఁ. పొద్దుట్నుంచి దాంతోనే కుస్తీ పడుతున్నా. అయినా బటన్లు ఎక్కడున్నాయో నీకు తెలుసుగా, కుడివైపు పైన, తర్వాత కింద. నువ్వైతే కళ్లు మూసుకుని కొట్టేస్తావ్!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

"తెరిచినా కొట్టేస్తాలేరా."

ఇద్దరూ నవ్వారు. ఆ ఒక్కసారి ఇద్దరి నవ్వూ కలిసే వచ్చింది.

"గ్వెన్‌కి చెప్పావా?"

"చెప్పా. 'మార్లిస్ ఉందిగా' అంది."

జునెల్ పక్కన కారులో కూర్చున్నా ఆ మాట ఆమెను వదల్లేదు. మార్లిస్ ఉందిగా! రోజూ అదే మెషిన్, అవే బటన్లు. వేళ్లు దారి నేర్చేసుకున్నాయి. ఇదివరకు కూడా గొంతు అక్కడక్కడ తడబడేది. ఆమె పట్టించుకోకుండా దాటేసేది. "చూశారా, ఎంత తేలిగ్గా చేసేసిందో!" అని గ్వెన్ చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లు ఎంత బాగుండేవో! దారి తెలిసిపోయినదాన్ని పట్టుకుని దారి బాగుందా అని అడుగుతున్నారు, తనూ బాగుందనే చెబుతూ వచ్చింది.

క్లినిక్ హాల్లో తడిసిన ఉన్ని కోట్ల వాసన.

"రా తల్లీ, గడ్డకట్టుకుపోయావా?" అంది కిటికీ వెనక కూర్చునే బెవ్. రోగుల పేర్లు రాసుకునేది ఆమే. "మీ మెషిన్ ఇవాళ వచ్చేవాళ్లకి నచ్చిందంటే సోమవారం నుంచి నా కిటికీ మూసేస్తారట. ఇంకెక్కడికో పంపుతారట నన్ను."

"నువ్వెళ్తే నా కాగితాలెవరు చదువుతారే?" పక్క బెంచీమీంచి ఎఫీ అనే ముసలావిడ గొంతు. "షుగరొచ్చి నా కళ్లకి అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి. ఏమ్మాయ్, నువ్వు ఇట్టే చేసేస్తావటగా, నాకూ అంత సులువుగా వస్తుందా అది?"

మార్లిస్ కుడిచేతి తొడుగు తీసి జేబులో పెట్టుకుంది.

అంతలో నిధులిచ్చే పెద్దలొచ్చారు. బూట్ల మంచు దులుపుకున్నారు. గ్వెన్ చక్కగా మాట్లాడింది, చాలా చక్కగా. తర్వాత మార్లిస్ భుజంమీద చెయ్యేసి మెషిన్ ముందుకు తీసుకొచ్చింది.

మొదటి తెర పుట్టిన తేదీ అడిగింది. రెండోది ఏ డాక్టరు కావాలంది. మూడోది ఏమీ అనలేదు.

ఆమె వేలు దానంతటదే కుడివైపు పైకి వెళ్లింది. అద్దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"కుడివైపు, మార్లిస్," గ్వెన్ చెవిలో గుసగుసలాడింది. "నీకు తెలిసిందేగా."

"నాకు తెలుసు," అంది మార్లిస్, అందరికీ వినబడేట్టు. "కానీ ఇక్కడ గొంతు లేదు. వినండి."

చెయ్యి వెనక్కి తీసుకుని తొడుగు తొడుక్కుంది. హాలు మొత్తం ఆ మంచు వీధిలా అయిపోయింది.

"మెషిన్‌కి కూడా చలేసినట్టుంది!" గ్వెన్ నవ్వేసింది. "పక్క గదిలో వేడివేడి కాఫీ ఉంది, పదండి, పదండి."

అందరూ నవ్వారు. ఈసారి వెనకబడిన నవ్వు రాలేదు. బూట్ల చప్పుళ్లు ఒక్కొక్కటే పక్క గదివైపు జరుగుతున్నాయి. జునెల్ బూట్లు మాత్రం సగం దారిలో కిర్రుమని ఆగాయి. ముందుకీ రావట్లేదు, వెనక్కీ పోవట్లేదు. బెంచీమీద ఎఫీ దగ్గింది. మార్లిస్ ఆ మూగ తెర పక్కనే నిలబడి ఉంది.

ఆ గుంపులో మీరూ ఉన్నారు. కాఫీ వాసన కమ్మగా వస్తోంది. ఆమె వినమని మాత్రమే అడిగింది. మీరైతే ఆగుతారా?